గమ్మునుండే బిడ్డ

నీళ్లు పోసినా బిడ్డ ఏడవలేదు.

రామసుబ్బమ్మ గచ్చు మీద పీట వేసుకుని, కాళ్లు బారజాపి, మనవరాలిని వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుంది. వీపుకు నూనె రాసి, పైన శనగపిండి రుద్ది, మోచేత్తో వేడి చూసుకుంటూ చెంబుతో వేన్నీళ్లు పోసింది. వెల్లకిలా తిప్పి ముక్కును రెండు వేళ్లతో పైకి దువ్వింది. తల గుండ్రంగా రావాలని అరచేత్తో అదిమింది. ఇంకో బిడ్డయితే ఈపాటికి ఊపిరి బిగబట్టి వీధిని లేపేది. ఈ పిల్ల మూతి ఒకసారి ముడిచి, మళ్లీ కళ్లు మూసుకుంది.

"చూడక్కా, ఎంత సాదుబిడ్డో," అంది రామసుబ్బమ్మ.

పిట్టగోడ అవతల అనసూయమ్మ గడ్డానికి చెయ్యి ఆనించుకుని చూస్తోంది. వాళ్లింట్లోనూ కూతురు కాన్పుకు వచ్చి ఉంది. పిల్లవాడికి నెల దాటింది.

"మావోడుండాడు సూడు, నీళ్లు మీద పడ్తానే గొంతు చించుకుంటాడు. నిద్రా ల్యా, పాడూ ల్యా. ఆడబిడ్డంటే ఇట్లుండాల. గమ్మున."

"దిష్టి పెట్టద్దక్కా," అని నవ్వి, రామసుబ్బమ్మ బిడ్డ అరికాలికి కాటుక చుక్క పెట్టింది.

ఆళ్లగడ్డలో ఆ వీధి వెనకే శిల్పాలు చెక్కే షెడ్లు. పొద్దున మొదలైన ఉలి చప్పుడు పొద్దుగూకేదాకా ఆగదు. ఆ చప్పుడుకు అనసూయమ్మ మనవడు ఉలిక్కిపడి లేస్తాడు. ఈ పిల్ల లేవదు. సాంబ్రాణి పొగ పట్టి, గుడ్డలో చేతులు కాళ్లు కదలకుండా చుట్టి, దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో వేస్తే మళ్లీ ఎవరైనా తీసేదాకా అట్లాగే ఉంటుంది.

గదిలో మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్న బిడ్డ తల్లి ఈశ్వరికి ఆ పొగడ్తలు మొదట్లో తియ్యగా ఉండేవి. ఇప్పుడు అవి వినబుద్ధి కావడం లేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు. పైగా ఆమెకు దేని గురించీ సరిగా ఆలోచన సాగడం లేదు. ఆమెకు దాహంగా ఉంది.

మే నెల ఎండలు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి. అన్నంలోకి వెల్లుల్లి కారం, నెయ్యి. మజ్జిగ మాట ఎత్తకూడదు. పొద్దున అన్నంతో ఒక గ్లాసు నీళ్లు, మాపటి అన్నంతో ఒక గ్లాసు, అవి కూడా వాము వేసి సగానికి మరిగించినవి. పురుడు తీరేదాకా బాలింత గది దాటకూడదు, వంటింట్లోకి పోకూడదు. కడవ ముట్టుకుందంటే కడవెడు నీళ్లూ పారబొయ్యాల్సిందే.

రామసుబ్బమ్మ చెడ్డ తల్లి కాదు. కూతురి ముఖం చూసినప్పుడల్లా ఆమె చెయ్యి చెంబు మీదికి పోయేది. కానీ నంద్యాల ఆసుపత్రిలో వియ్యపురాలు కమలాక్షమ్మ అన్న మాట ఆమెను పట్టుకుని వదల్లేదు. "మా పెద్దకోడలికి వాళ్లమ్మ అడిగినప్పుడల్లా నీళ్లు పోసి పంపించింది వదినా. ఈ పొద్దుటికీ పొట్ట కుండ లెక్కుండాది. మీరట్లా చెయ్యరులే." ఆ మాట ఆమె నవ్వుతూనే అంది. కోపంగా అని ఉంటే రామసుబ్బమ్మ రెండు రోజుల్లో మర్చిపోయేది.

బిడ్డ తర్వాత తల్లికి స్నానం. రామసుబ్బమ్మ కూతురి నడుము మీద, పొట్ట మీద ఓర్చుకోలేనంత వేడినీళ్లు బలంగా కొట్టింది. తల మీద పోస్తుండగా ఈశ్వరి ముఖం కాస్త పైకెత్తి నోరు తెరిచింది. నుదుటి మీదనుంచి జారిన నీళ్లు, శనగపిండి, కుంకుడురసం, అన్నీ కలిసి నోట్లోకి వచ్చాయి. మింగింది.

పోసే చెంబు గాల్లోనే ఆగింది.

"ఛీ, ఏం పనే అది?"

ఈశ్వరి కళ్లు తెరవలేదు. "కుంకుడు కండ్లల్లో పడిందిమా," అంది.

*

ఆదివారం రాజశేఖర్ వచ్చాడు. నంద్యాలలో విత్తనాల అంగట్లో పని, వారానికి ఒక్కరోజే సెలవు. పురుడిల్లు కాబట్టి గది గడప అవతల కుర్చీ వేశారు. రామసుబ్బమ్మ అల్లుడికి చెంబు నిండా కడవ నీళ్లు తెచ్చి ఇచ్చింది. సగం తాగి, మిగిలిన సగంతో అక్కడే వాకిట్లోకి వంగి ముఖం కడుక్కున్నాడు. నీళ్లు మట్టిలో ఇంకిపోయేదాకా ఈశ్వరి చూపు తిప్పుకోలేకపోయింది.

"బిడ్డ నిద్రపోతాందా?"

"ఎప్పుడూ నిద్రే."

"మంచిదే గదా. మా అక్క కొడుకు ఇల్లు పీకి పందిరేసినాడు."

"డాక్టరమ్మ ఏం చెప్పింది? లేయకపోయినా లేపి పాలియ్యమనింది గదా. గుడ్డలు తడుపుతాందా లేదా చూసుకోమనింది. నువ్వు గూడా ఉంటివి."

రాజశేఖర్ గొంతు తగ్గించాడు. "అత్తేమంటాది?"

"నిద్రపోయే బిడ్డను లేపితే ఆయుస్సు తగ్గుతాదంట. నిద్రలోనే పెరుగుతారంట."

"పెద్దోళ్లకు తెలీదా? ఇంతమందిని పెంచినారు." అతను గడప దగ్గరికి వంగి ఉయ్యాల వైపు చూశాడు. చీర మడతల్లోంచి ముక్కు మాత్రం కనిపించింది. అంత చిన్న ముక్కును చూసి అతని ముఖం వెలిగిపోయింది. "ఎర్రగా ఉండాది మీ నాయన మాదిరి," అన్నాడు.

ఎర్రగా కాదు, పచ్చగా ఉందనిపించింది ఈశ్వరికి. అది చెప్పేలోపు రామసుబ్బమ్మ కాఫీతో వచ్చింది. అల్లుడి ముందు కూతురు గొంతు పెంచితే ఆమెకు తలవంపులు. ఈశ్వరి ఊరుకుంది. ఊరుకున్నందుకు తర్వాత తనను తానే తిట్టుకుంది.

అతను పోయాక కిటికీలోంచి మిద్దె వైపు చూసింది. అనసూయమ్మ వాళ్ల మిద్దె మీద దండెం నిండా పాత పంచె ముక్కలు, చీర ముక్కలు, చోటు చాలక పిట్టగోడ మీద కూడా. తమ దండెం మీద మూడు. అందులో ఒకటి కుంపటి మసి తుడిచిన గుడ్డ.

"ఏం బిడ్డమ్మా, గుడ్డలు గూడా ఖరాబు చెయ్యదు," అని నిన్ననే రామసుబ్బమ్మ ముచ్చటపడింది. అవును, ముచ్చటే. తిననిది ఏం ఖరాబు చేస్తుంది?

ఈశ్వరి బిడ్డను ఉయ్యాల్లోంచి తీసి రొమ్ముకు పట్టింది. బిడ్డ రెండు గుక్కలు చీకి ఆపింది. చెవి తమ్మె నలిపింది. ఇంకో గుక్క. అరికాలు గోకింది. బిడ్డ కాలు వెనక్కి లాక్కుంది కానీ కళ్లు తెరవలేదు. పెదాల మధ్య నుంచి రొమ్ము జారిపోయింది. చంటి నోటి చివర చుక్క పాలు కూడా లేవు.

"యాలనే దాన్ని హింస పెడ్తాండావు?" తలుపు దగ్గర రామసుబ్బమ్మ. "ఆకలైతే అదే లేస్తాది. పండుకోబెట్టు."

*

పురుడు రేపనగా ఇల్లంతా హడావుడి. ఈశ్వరి నాయన సుబ్బరాయుడు పొద్దున్నే ఎస్టీడీ బూతు నుంచి వియ్యంకుడికి ఫోన్ చేసి, అయ్యవారికి చెప్పి, సామాన్ల కోసం బజారుకు పోయాడు. రామసుబ్బమ్మ గోడలకు సున్నం కొట్టించి, గచ్చు కడిగింది. ఆ వీధికి కొళాయి రోజు మార్చి రోజు వస్తుంది. రేపు రాదు. అందుకని తెల్లవారకముందే వచ్చిన నీళ్లను బిందెలకు, బకెట్లకు, తాగడానికి పెద్ద మట్టి కడవకు పట్టుకుని, కడవ మీద తడిగుడ్డ చుట్టి పెట్టింది.

పనుల్లో పడి ఆ పూట బిడ్డకు స్నానం ఆలస్యమైంది. ఈశ్వరి గుడ్డ విప్పి చూసింది. తెల్లవారినప్పుడు కట్టిన గుడ్డ అట్లాగే ఉంది. నడిమధ్య మాత్రం రూపాయంత మేర, ఇటుక పొడి రాలినట్టు ఎర్రటి మరక.

చేత్తో తడిమింది. పొడిగా ఉంది.

బిడ్డ నోట్లో వేలు పెట్టింది. ఆ నోరు వేలిని పట్టుకోలేదు. నాలుక జిగటగా ఉంది. మాడు మీద చెయ్యి వేసింది. మెత్తగా ఉండాల్సిన చోట చిన్న గుంట. అప్పుడు ఈశ్వరికి భయం వేసింది. ఇన్నాళ్లూ ఉన్నది అనుమానమే. సరిగ్గా అప్పుడే వెనక షెడ్లో పెద్ద రాయి ఏదో ఇనుప గునపాలతో దొర్లించారు. కిటికీ ఊచలు అదిరాయి. బిడ్డ రెప్ప కూడా కదల్లేదు.

"అమ్మా. అమ్మా, ఇట్లరా."

రామసుబ్బమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుడ్డ చూసింది, మాడు చూసింది. "వేడి చేసింటాది. ఆముదం పెడ్తా. ఎండలు అట్లుండాయి."

"వేడి కాదుమా. పాల్లేవు దీనికి. ఎండిపోతాంది. నాకు నీళ్లియ్యి."

"మాపటికిస్తా గదా."

"ఇప్పుడియ్యి."

"ఈశ్వరీ, రేపు మీ అత్తొస్తాది. ఇన్ని దినాలు ఓర్చుకుంటివి. ఒక్క పూట. రేపు తలంటు పోసినాక నీ ఇష్టం." రామసుబ్బమ్మ గొంతులో బతిమాలుతున్నట్టు వినిపించింది. "నీ కడుపు చెడితే ఆమె నన్నే అంటాది. బిడ్డకు జలుబు చేస్తే నన్నే అంటాది. నా బతుకేమి కావాల?"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈశ్వరి అడిగింది, అడుక్కుంది, అయినా అమ్మ పెట్టలేదు. ఇంక ఆమెకు చెయ్యడానికి ఒక్కటే మిగిలింది.

బిడ్డను ఒక చేత్తో గుండెకు అదుముకుని లేచింది. నడుము ఇంకా నిలబడటం లేదు, గోడ పట్టుకుంది. గది గడప దాటింది. కడిగిన గచ్చు మీద తడి పాదాల గుర్తులు పెట్టుకుంటూ పడసాల దాటింది. రామసుబ్బమ్మ అడ్డం రాబోయి, ముట్టుకుంటే మళ్లీ తానూ స్నానం చెయ్యాలని ఆగిపోయింది. ఆ ఆగడంలోనే కూతురు వంటింట్లోకి అడుగు పెట్టింది.

కడవ మీది మూత తీసింది. చెంబు ముంచింది. ఎత్తి పోసుకునే ఓపిక లేదు, అంచు పెదాలకు ఆనించి తాగింది. నీళ్లు గడ్డం మీదుగా జాకెట్టులోకి కారాయి. రెండో చెంబు ముంచింది. మూడోది సగం తాగి ఊపిరి తీసుకోవడానికి ఆగింది. గోడకు ఆనుకుని అక్కడే, పొయ్యి పక్కన, నేల మీద కూర్చుండిపోయింది.

"కడవ అంటుకుంటివి గదే," అంది రామసుబ్బమ్మ. "రేపటి నీళ్లే అవి. యాడ తెచ్చేది?"

ఈశ్వరి చుట్టిన గుడ్డ విప్పి బిడ్డను ఒట్టి ఒంటితో ఒళ్లో వేసుకుంది. చెంబులో మిగిలిన నీళ్లలో కొంగు ముంచి బిడ్డ పాదాలు తుడిచింది, మెడ వెనక తుడిచింది. బిడ్డ చేతులు రెండూ గాల్లోకి విసిరి, గొంతులోంచి ఒక సన్నని కూత తీసింది. పిల్లి కూనంత కూత. ఆ నోరు మూసుకునేలోపే రొమ్ము అందించింది.

"పొద్దుగూకేలోపల ఇది ఉచ్చ పోయలేదంటే," అంది తల ఎత్తకుండా, "నేను నంద్యాల బస్సెక్కుతా. పురుడని ఆపితే ఆగను. గాలి, దయ్యం అంటే ఇనను. నువ్వు రాకపోయినా పోతా."

*

ఆ మధ్యాహ్నం రామసుబ్బమ్మ ఇంట్లో పనులన్నీ సగంలో ఆగాయి. చాలాసేపు ఆమె పడసాలలో స్తంభానికి ఆనుకుని నిలబడింది. కూతురి మీద కోపం, కడవ మీద దిగులు, రేపటి మీద భయం. మూడూ ఒకేసారి వస్తే మనిషి దేనికీ న్యాయం చెయ్యలేదు. ఊరికే నిలబడింది.

ఈశ్వరి మాత్రం ఆగలేదు. బిడ్డ చీకడం ఆపితే భుజాన వేసుకుని వీపు రుద్దుతుంది. కళ్లు మూతపడితే పాదాలు తడుపుతుంది. మళ్లీ రొమ్ముకు పెడుతుంది. ఇటు నాలుగు గుక్కలు, అటు మూడు. బిడ్డకు బలం లేదు. కాసేపటికి పెదాలు కదపడం కూడా మానేసింది. ఈశ్వరి చేత్తో పిండుకోవాలని చూసింది. చుక్కలు వస్తున్నాయి గానీ దేంట్లోకి పట్టాలో తెలియలేదు. ఒకటి అరచేతిలో పడి, వేళ్ల సందుల్లోంచి కారిపోయింది. అప్పుడు ఏడ్చింది, ఇన్ని రోజుల్లో మొదటిసారి, బిడ్డ బదులు తనే.

రామసుబ్బమ్మ కదిలింది. గూట్లోంచి ఉగ్గుగిన్నె తీసి, మరిగే నీళ్లతో కడిగి, వచ్చి కూతురి ఎదురుగా కూర్చుంది. అంటు సంగతి ఆమెకు గుర్తుందో లేదో తెలియదు.

"అట్లా వేళ్లతో కాదు. కింద నుంచి ముందుకు తోయ్యి. నొప్పి పుట్టకుండా."

ఆమే చూపించింది. ఉగ్గుగిన్నె అడుగు తడిసింది. గిన్నె ముక్కును బిడ్డ పెదవి మూలకు ఆనించి, ఒక్కొక్క చుక్కే ఒంపింది. మింగిందని గొంతు మీద వేలు పెట్టి చూసుకున్నాకే ఇంకో చుక్క. తొందరపడితే పొలమారుతుంది.

"నిన్ను గూడా ఇట్లే పెంచితినే," అంది, బిడ్డ నోటి మీదనుంచి చూపు తిప్పకుండా. "ఇవే నీళ్లు, ఇదే పత్తెం."

"నేను ఏడుస్తాంటినంట గదా. నువ్వే చెప్తివి."

రామసుబ్బమ్మ బిడ్డ మూతి తుడిచింది. "ఏడుస్తాంటివి," అంది. "నీతో సచ్చిపోతాంటి. ఎప్పుడు సూడు నా రొమ్మునే ఉంటివి."

గిన్నె మళ్లీ నింపారు. మళ్లీ పట్టారు. సుబ్బరాయుడు సంచులతో వచ్చి, బాలింత వంటింట్లో కూర్చుని ఉండటం చూసి నోరు తెరవబోయాడు. భార్య చూసిన చూపుకు సంచులు అక్కడే దించి పంచలోకి పోయాడు.

ఎండ మిద్దె దిగి వాకిట్లోకి వచ్చేసరికి బిడ్డ గిన్నె కోసం నోరు తెరిచింది. ఆలస్యమైతే తల అటూ ఇటూ తిప్పి వెతికింది. ఈశ్వరి రొమ్ముకు పెట్టుకుంటే ఈసారి పట్టు బలంగా ఉంది. గుటక చప్పుడు బయటికి వినిపించింది. తల్లీకూతుళ్లిద్దరూ ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు.

ఉచ్చ మాత్రం పోయలేదు. ఆఖరి బస్సుకు పోవాలంటే ఇంక లేవాలి. ఈశ్వరి చీర సర్దుకుంటూ బిడ్డను అమ్మ చేతికి ఇచ్చింది. రామసుబ్బమ్మ బిడ్డను ఒళ్లో వేసుకుని పొత్తికడుపు మీద మెల్లగా నిమిరింది. నాయన వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

అప్పుడు రామసుబ్బమ్మ చీర మీద వెచ్చగా తగిలింది. తడి మోకాలి దాకా పాకింది. ఆమె కదల్లేదు, చీర పక్కకు లాగలేదు. ధార ఆగేదాకా అట్లాగే కూర్చుని, తడిసిన కుచ్చిళ్లను రెండు చేతులతో పట్టుకుని ముఖానికి అద్దుకుంది.

"పోసిందే," అంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. "పోసిందే తల్లీ."

*

మరుసటి రోజు పొద్దున్నే ఈశ్వరికి తలంటు పోశారు. అయ్యవారు ఇంకా రాలేదు. బిడ్డ తెల్లవారక ముందు నుంచి రెండుసార్లు లేచి ఏడ్చింది, పాలు తాగింది. ఈశ్వరి మంచం మీద జుట్టు ఆరబెట్టుకుంటూ వంటింటి వైపే చెవి పెట్టి ఉంది. కడవ నీళ్లు పారబోసే చప్పుడు కోసం. అమ్మ ఆ పని చేస్తుందని ఆమెకు తెలుసు. అన్ని నీళ్లు పోయి, పురుడు పూట తాగే నీళ్లకు పక్కిళ్లు తిరగాలి. అనసూయమ్మ ఎందుకని అడుగుతుంది. సంగతి అత్తగారి చెవికి చేరుతుంది. అమ్మ పరువు తన చేతుల మీదుగానే పోతుంది.

బస్సు దిగి కమలాక్షమ్మ, రాజశేఖర్ వచ్చారు. కమలాక్షమ్మ పట్టుచీర కట్టుకుని ఉంది, ముఖం ఎండకు కందిపోయింది. కుర్చీలో కూలబడి కొంగుతో విసురుకుంది.

"ముందు మంచినీళ్లియ్యి వదినా. నోరు పిడచ కట్టుకపోయింది." అని, ఆగి, "పురుడిల్లు గదా, కడవలన్నీ కడిగి మార్చినారు గదా?"

"అన్నీ అయినాయి వదినా," అంది రామసుబ్బమ్మ.

వంటింట్లోకి పోయింది. తలుపు తెరిచే ఉంది. తడిగుడ్డ చుట్టిన కడవ నిన్న ఎక్కడ ఉందో అక్కడే ఉంది. ఈశ్వరి చూస్తుండగానే అమ్మ మూత తీసి, చెంబు ముంచి, అడుగు తుడిచి, రెండు చేతులా పట్టుకెళ్లి వియ్యపురాలికి ఇచ్చింది.

కమలాక్షమ్మ తల వెనక్కి వంచి, పెదాలకు తగలకుండా ఎత్తి పోసుకుని చెంబంతా తాగింది. మెడ పక్క గుటకలు పడటం కనిపించింది. నిన్న ఈశ్వరి చెంబు ముంచిన నీళ్లే అవి.

"ఏం నీళ్లు వదినా, కడుపు సల్లబడింది," అంది కమలాక్షమ్మ.

అప్పుడే ఉయ్యాల్లో బిడ్డ లేచింది. నిన్నటి పిల్లి కూత కాదు. గొంతు సాఫు చేసుకుని, ఇంటి కప్పుకు తగిలేట్టు ఏడ్చింది.

"ఏందీ, ఇట్లేడుస్తాంది? ఫోన్లో అన్నయ్య సాదుబిడ్డ అని చెప్పె గదా?"

"ఆకలైతే ఏడ్వదా వదినా," అంది రామసుబ్బమ్మ.

ఆమె ఖాళీ చెంబు తీసుకుని వంటింట్లోకి పోయి, మళ్లీ ముంచుకుని, వియ్యపురాలి కుర్చీ ముందు నుంచే నడిచి గదిలోకి వచ్చింది. ఈశ్వరి అప్పుడే బిడ్డను రొమ్ముకు పట్టుకుంది. చెంబు కూతురి చేతికి ఇచ్చింది.

కమలాక్షమ్మ లేచి గడప దాకా వచ్చింది. ముఖంలో ఆ పాత నవ్వు మొదలైంది. "ఏంది వదినా, పచ్చి బాలింతకు కడవ నీళ్లు ఇస్తాండావా?"

"మీకిచ్చిన నీళ్లే," అంది రామసుబ్బమ్మ. "మీరు తాగినారు గదా, మంచివే."

కమలాక్షమ్మ ఏదో అనబోయి కొడుకు వైపు చూసింది. రాజశేఖర్ బిడ్డ గుటకలు వేయడాన్ని నోరు తెరుచుకుని చూస్తున్నాడు, తల్లి వైపు చూడలేదు. కమలాక్షమ్మ నవ్వు అక్కడే నిలిచిపోయింది.

ఈశ్వరి చెంబు ఎత్తింది. తాగుతూ అంచు మీదుగా అమ్మను చూసింది. రామసుబ్బమ్మ చెంబు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడి, దాన్ని అందుకుంది.

"ఇంకా కావాలంటే చెప్పు," అంది. పడసాలలో అందరికీ వినపడేట్టే అంది. "కడవలో ఇంకా ఉండాయి."